టన్నుకు ఎనిమిది గుర్రాలు

1964లో అమెరికాలోని పాంటియాక్ కంపెనీ టెంపెస్ట్ అనే మధ్యరకం కారులోకి తన పెద్ద కార్ల ఇంజన్‌ను ఎక్కించి, జీటీఓ పేరుతో అమ్మకానికి పెట్టింది. ఎనిమిది సిలిండర్లు, 389 ఘనపుటంగుళాల ఇంజన్, మామూలు రకానికే 325 హార్స్‌పవర్. బండి బరువు టన్నున్నర పైచిలుకు. అంటే టన్నుకు దాదాపు రెండు వందల గుర్రాల బలం. మజిల్ కార్ల కాలం ఆ బండితోనే మొదలైందని చాలామంది చరిత్రకారులు రాస్తారు. ఆ రోజుల్లోనే విజయవాడ నుంచి హైదరాబాదు పోయే రోడ్డు మీద, కంచికచర్ల, నందిగామ, చిల్లకల్లు మీదుగా నడిచిన టాటా మెర్సిడెస్ లారీకి ఉన్నది సుమారు 100 హార్స్‌పవర్. సరుకుతో కలిపి పన్నెండు టన్నులు తూగే బండికి ఆ బలం టన్నుకు ఎనిమిది గుర్రాలు. ఈ రెండు అంకెలూ చూసినవాళ్ళకు ఒకటి విలాసమనీ, రెండోది బతుకుదెరువనీ, రెంటికీ పొత్తు లేదనీ అనిపిస్తుంది. ఆ అభిప్రాయం సరికాదన్నదే ఈ వ్యాసం వాదన. అమెరికా కుర్రాళ్ళు ఇంటి షెడ్లలో కార్లకు బలం పెంచుకున్న పనితనానికీ, మెట్ట కృష్ణాలో రోడ్డు పక్క షెడ్లలో లారీకి బలం పెంచుకున్న పనితనానికీ తల్లివేరు ఒకటే. రెండూ రెండో ప్రపంచయుద్ధం తర్వాత, ఒకే జాతి అమెరికన్ ఇంజన్ల చుట్టూ పెరిగాయి. ఆ బలంతో ఏం చేయించుకోవాలన్న దగ్గర దారులు చీలాయి. ఒకదాని చరిత్రను పుస్తకాలు, మ్యూజియాలు నిలబెట్టాయి. రెండోదాన్ని మనం రిపేరు పని కింద జమకట్టి రాయకుండా వదిలేశాం.

ముందు ఈ నేల సంగతి చెప్పుకోవాలి. కృష్ణా జిల్లా అనగానే కాలువలు, వరి మాగాణి గుర్తొస్తాయి. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో చేరిన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం అలాంటిది కాదు. ఇక్కడిది నల్లరేగడి, ఎర్రచెలక, వాటి అడుగున సున్నపురాయి. మునేరు, పాలేరు, వైరా, కట్టలేరు వానాకాలంలో పొంగి వేసవికి ఇసుక తేలే ఏర్లు. డెల్టాలో పందొమ్మిదో శతాబ్దం నుంచి కాలువల మీద పడవలు ధాన్యం మోశాయి. మెట్టకు ఆ సదుపాయం లేదు. బెజవాడ నుంచి కాజీపేట వెళ్ళే రైలు కొండపల్లి దాటాక మధిర వైపు తిరిగిపోతుంది, నందిగామ ముఖం చూడదు. జగ్గయ్యపేటకు మోటుమర్రి నుంచి రైలు పట్టాలు వచ్చినా అవి సిమెంటు కోసం, సరుకు రైళ్ళ కోసం వేసినవి. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి పేరున కట్టించిన జగ్గయ్యపేట మొదటినుంచీ వ్యాపారపు ఊరు. పైగా 1948 దాకా నిజాం సరిహద్దు దాని గుమ్మంలో ఉంది. 1956 దాకా అదే గీత ఆంధ్ర, హైదరాబాదు రాష్ట్రాలను విడదీసింది. 2014 తర్వాత గరికపాడు దగ్గర మళ్ళీ రాష్ట్ర సరిహద్దయింది. మిర్చి, పత్తి, పొగాకు, అపరాలు ఊరు దాటాలంటే చక్రం మీద, రోడ్డు మీద దాటాల్సిందే. పడవ లేని, ప్రయాణికుల రైలు లేని ఈ మెట్టలో బండి బలం అంటే ఊరి బలం అన్నంత లెక్క.

ఆ బలాన్ని ఈ ప్రాంతం ఏ కొలతతో చూసిందో తెలుసుకోవడానికి బండలాగుడు పోటీలను చూస్తే చాలు. కృష్ణా, గుంటూరు, ప్రకాశం పల్లెల్లో సంక్రాంతికీ తిరునాళ్ళకూ జరిగే ఈ పోటీల్లో ఒంగోలు జాతి గిత్తల జతకు పెద్ద బండరాయి కట్టి, పెట్టిన గడువులో ఎంత దూరం లాగిందో టేపుతో కొలుస్తారు. గిత్తలను పళ్ళను బట్టి విభాగాలు చేస్తారు, వయసుకు తగ్గ బండ పెడతారు. జేమ్స్ వాట్ పద్దెనిమిదో శతాబ్దంలో హార్స్‌పవర్ అనే కొలతను కట్టింది కూడా ఈ ఆలోచనతోనే. ఎంత బరువు, ఎంత దూరం, ఎంత సేపట్లో అన్న మూడింటినీ కలిపి గుర్రం చేసే పనికి అంకె ఇచ్చాడు. ఆ మూడింటిలో అమెరికా రోడ్లు కాలాన్ని పట్టుకున్నాయి. అక్కడ బండి సత్తాను పావు మైలు దూరం ఎన్ని సెకన్లలో దాటిందన్న లెక్కతో తేల్చారు. మన మెట్ట బరువును పట్టుకుంది. ఇంజన్ రాకముందే ఈ ప్రాంతంలో బలానికి నిర్వచనం స్థిరపడి ఉంది. తర్వాత వచ్చిన లారీలను మేస్త్రీలు ఆ నిర్వచనానికే వంచారు. ఒక బండి గురించి ఇక్కడ మొదట అడిగే ప్రశ్న ఎంత స్పీడు పోతుందని కాదు, లాగుడు ఎలా ఉందని.

అమెరికన్ బండ్లు మన దేశానికి విడిభాగాలుగా ఓడల్లో వస్తే ఇక్కడ బిగించేవారు. ఫోర్డ్ 1926లో ఇక్కడ కంపెనీ పెట్టింది. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో షెవర్లేలను బిగించడం మొదలుపెట్టింది. మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల్లో ప్రైవేటు బస్సులు, తొలి లారీలు చాలావరకు ఈ చాసీల మీద లేచినవే. రెండో ప్రపంచయుద్ధంలో పెట్రోలుకు రేషను పెట్టాక ఆ బస్సుల వెనక నిలువెత్తు ఇనుప డ్రమ్ములు వెలిశాయి. వాటిలో కట్టెబొగ్గును చాలీచాలని గాలితో మండించి, వచ్చిన వాయువును వడగట్టి ఇంజన్‌కు పంపేవారు. బయలుదేరే ముందు క్లీనరు చేతిపంకా తిప్పి బొగ్గు రాజేసేవాడు. ఆ గ్యాసుతో ఇంజన్ బలం బాగా తగ్గేది, ఎత్తు వస్తే ప్రయాణికులు దిగి నడిచేవారు. అయినా ఆ ఏళ్ళు వృథా పోలేదు. కంపెనీ ఇచ్చినట్టే ఇంజన్ నడవాలన్న నియమం లేదనీ, ఇంధనం మారితే ఇంజన్‌ను మార్చుకోవచ్చనీ మన మెకానిక్‌లు ఆ బొగ్గు బస్సుల దగ్గరే నేర్చుకున్నారు. యుద్ధం ముగిశాక సైన్యం వదిలేసిన అమెరికన్ లారీలు, జీపులు డిస్పోజల్ వేలాల్లో దేశమంతా అమ్ముడుపోయాయి. అటు అమెరికాలోనూ అలాంటిదే జరిగింది. సైన్యం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళు 1932 నాటి ఫోర్డు వీ-8 పాత బండ్లను చవగ్గా కొని, మడ్‌గార్డులు ఊడబీకి, 65 హార్స్‌పవర్ ఇంజన్‌కు రెట్టింపు బలం పుట్టించే ప్రయత్నాల్లో పడ్డారు. ఆ పిచ్చికి 1948లో హాట్ రాడ్ అనే పత్రిక, 1951లో జాతీయ సంఘం పుట్టాయి. మజిల్ కారు కంపెనీ గేటులోంచి బయటికి వచ్చింది 1964లో. దాని విత్తనం మాత్రం ఈ పాత ఫోర్డుల షెడ్లలోనే పడింది. డెట్రాయిట్‌లో పుట్టిన ఇనుము యుద్ధం తర్వాత ఒకే సమయంలో రెండు దేశాల మెకానిక్‌ల చేతికి వచ్చిందన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం.

దారి చీలింది ఢిల్లీ తీసుకున్న నిర్ణయంతో. 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక మీద కేంద్రం, ఇక్కడ తయారీ కార్యక్రమం లేకుండా కేవలం బిగింపు చేసే కంపెనీలు ఉండక్కర్లేదని తేల్చింది. ఫోర్డ్, జనరల్ మోటార్స్ మూటాముల్లె సర్దుకున్నాయి. రోడ్డు మీద మిగిలిన షెవర్లే, ఫోర్డ్ లారీలకు విడిభాగాల దారి క్రమంగా మూసుకుపోయింది. పెట్రోలు ఖర్చు ఎటూ ఉంది. ఆ సమయంలో మద్రాసులోని సింప్సన్ కంపెనీ ఇంగ్లండుకు చెందిన పెర్కిన్స్ పీ-6 డీజిల్ ఇంజన్‌ను తయారు చేయడం మొదలుపెట్టింది. ఆరు సిలిండర్లు, 4.73 లీటర్లు, నిమిషానికి 2,400 చుట్ల మీద 83 హార్స్‌పవర్. పాత షెవర్లే లారీ ఇంజన్ బలం కూడా ఇంచుమించు ఎనభై, తొంభై మధ్యే. అంటే ఇంజన్ మార్చినా హార్స్‌పవర్ అంకె పెరగలేదు. అయినా దేశమంతటా లారీ ఓనర్లు పెట్రోలు ఇంజన్ దించి పెర్కిన్స్ ఎక్కించారు. పెట్రోలు ఇంజన్ తన బలం చూపాలంటే వేగంగా తిరగాలి. డీజిల్ ఇంజన్ నెమ్మదిగా తిరుగుతూనే లాగుతుంది, పైగా తక్కువ తాగుతుంది. బండలాగుడు చూసి పెరిగిన ప్రాంతానికి ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. అమెరికా కుర్రాడు వేగం కోసం చేసిన ఇంజన్ మార్పిడిని మనవాళ్ళు లాగుడు కోసం చేశారు.

ఈ మార్పిడి చెప్పినంత తేలిక కాదు. ఒక కంపెనీ చాసీలోకి మరో కంపెనీ ఇంజన్ దించాలంటే ముందు ఇంజన్ కూర్చునే బ్రాకెట్లు కొత్తగా కోసి బిగించాలి. ఇంజన్ వెనక ముఖానికీ గేర్‌బాక్స్ ముఖానికీ బోల్టు రంధ్రాలు కలవవు. మందపాటి ఇనుప పలకను లేత్ మీద కోసి, రెండు వైపులా రెండు వరసల రంధ్రాలు వేసి, మధ్య షాఫ్టు కేంద్రం వెంట్రుకవాసి తప్పకుండా చూడాలి. తప్పితే క్లచ్ ప్లేట్లు తింటుంది, గేర్‌బాక్స్ మూలుగుతుంది. డీజిల్ ఇంజన్ బరువెక్కువ కాబట్టి ముందు కమానుకు, అంటే స్ప్రింగుకు, పట్టీ ఎక్కించాలి. రేడియేటరు మార్చాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు సరిచూసుకోవాలి. తక్కువ చుట్లు తిరిగే ఇంజన్‌తో బండి మునుపటి వేగం అందుకోవాలంటే వెనక హౌసింగ్‌లో క్రౌను, పినియన్ పళ్ళ నిష్పత్తి మార్చాలి. అమెరికాలో మజిల్ కారు కట్టేవాడు చేసే పని జాబితా తీస్తే ఇంజన్ మౌంటింగులు, బెల్ హౌసింగ్, స్ప్రింగులు, రేడియేటరు, డిఫరెన్షియల్ నిష్పత్తి అన్నీ ఈ వరసలోనే వస్తాయి. సిలిండర్ పనిలోనైతే రెండు దేశాల మేస్త్రీలూ ఒకే అంకెల్లో మాట్లాడుకుంటారు. అరిగిన సిలిండర్‌ను డయల్ గేజితో కొలిచి, బోరు కొట్టి, అంగుళంలో వెయ్యోవంతు లెక్కన ఇరవై, నలభై, అరవై సైజు పిస్టన్లు వేయడం మన పద్ధతి. అక్కడ ముప్ఫై, నలభై, అరవై అంటారు. క్రాంక్‌ను గ్రైండింగ్ చేయించి పది, ఇరవై, ముప్ఫై సైజు బేరింగులు వేయడమూ అంతే. బోరు కొట్టినప్పుడు అమెరికన్‌కు నాలుగు ఘనపుటంగుళాలు కలిసొచ్చాయన్న ఆనందం. మన ఓనరుకు ఇంజన్ ఇంకో రెండు మూడు లక్షల కిలోమీటర్లు ఆగుతుందన్న ధీమా. యంత్రం మీద చేయి చేసే పనిలో మాత్రం తేడా లేదు.

పెర్కిన్స్ తర్వాత టాటా, లేలాండ్ కాలం వచ్చింది. టాటాల కంపెనీ టెల్కో 1954లో జర్మనీ మెర్సిడెస్ బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టింది, 1969 దాకా ఆ మూడు రెక్కల నక్షత్రమే మన లారీల ముఖాన మెరిసింది. మద్రాసులో 1948లో పుట్టిన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. ఈ కంపెనీలు అమ్మింది లారీని కాదు, చాసీని. ఇంజన్, స్టీరింగు, చక్రాలు ఉన్న అస్థిపంజరం మీద డ్రైవరు కూర్చుని, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, ఎండలో వానలో వందల మైళ్ళు తోలుకొచ్చేవాడు. దానికి క్యాబిన్, బాడీ కట్టే పని ఇక్కడి వడ్రంగులదీ కమ్మరులదీ. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, చెక్క మీద దించి, నీళ్ళు పోసి బిగుసుకునేలా చేసిన చేతులే లారీ బాడీకి యూ బోల్టులు, పట్టీలు కొట్టాయి. చెక్క ఎక్కడ వంగుతుందో, ఎక్కడ విరుగుతుందో వాళ్ళకు తరాలుగా తెలుసు. ఈ మెట్ట రోడ్లలో పూర్తి గట్టి బాడీ కడితే పగులుతుందనీ, చాసీతోపాటు కాస్త ఆడే వెసులుబాటు ఉండాలనీ వాళ్ళు అనుభవంతో తేల్చుకున్నారు. ఇంజన్ పని, డీజిల్ పంపు పని చేసే మేస్త్రీల్లో ముస్లిములు గణనీయంగా ఉన్నారు. టింకరింగు, రంగులు, కరెంటు పని, కమాన్ల పని ఎవరికి వారే ప్రత్యేకించుకున్నారు. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు ఈ మెట్టకు చేరి పంటలు పెరిగాక, 1980ల్లో జయంతిపురంలో మద్రాస్ సిమెంట్స్ ఫ్యాక్టరీ లేచాక లోడుకు కొదవ లేకుండా పోయింది. అదే కాలంలో మెటాడోర్ వ్యాన్ ఇంజన్‌ను జీపులోకీ, అంబాసిడర్‌లోకీ దించే కొత్త మార్పిడి వచ్చింది. 1489 సీసీ డీజిల్‌తో నడిచే అంబాసిడర్ ఇచ్చేది 37 హార్స్‌పవర్. పల్లెల్లో పదిమందిని ఎక్కించుకు తిరిగే బండికి అది చాలదని మేస్త్రీలు తీర్పు చెప్పారు.

ఇక అభ్యంతరాల దగ్గరికి వద్దాం. మొదటిది: ఇదంతా రిపేరే కదా, నిర్మాణం ఎలా అవుతుంది? మజిల్ కారు కట్టడం అని దేన్ని అంటున్నామో చూస్తే దీనికి సమాధానం దొరుకుతుంది. జీటీఓ సైతం కొత్తగా కనిపెట్టిన బండి కాదు. పాంటియాక్‌లోని జాన్ డెలోరియన్ బృందం, మధ్యరకం కార్లలో 330 ఘనపుటంగుళాలకు మించిన ఇంజన్ పెట్టకూడదన్న మాతృసంస్థ జనరల్ మోటార్స్ నియమాన్ని దాటడానికి, పెద్ద ఇంజన్‌ను అదనపు సదుపాయంగా చూపి ఉన్న కారులోకి ఎక్కించింది. ఉన్న చాసీ, ఉన్న ఇంజన్, కొత్త జత. షెవర్లే చాసీలో పెర్కిన్స్ ఎక్కించినా జరిగింది అదే. రిపేరు అంటే బండిని మునుపటి స్థితికి తేవడం. కంపెనీ ఊహించని పనికి బండిని సిద్ధం చేయడం నిర్మాణం. నందిగామ మీదుగా పోయిన లారీల్లో ఎన్నిటికి కమాన్లు, క్రౌన్ నిష్పత్తి, బాడీ, పంపు సెట్టింగు కంపెనీ లెక్క ప్రకారం ఉండేవని అడిగితే ఆ రంగంలో ఉన్నవాళ్ళెవరూ ఎక్కువ అని చెప్పరు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. అమెరికన్ మెకానిక్ చేతిలో హార్స్‌పవర్ కొలిచే డైనమోమీటరు, భాగాల క్యాటలాగులు, అంకెలు అచ్చువేసే పత్రికలు ఉన్నాయి. మన మేస్త్రీ కొలమానాలు వేరు. నిండు లోడుతో ఎత్తు మీద ఏ గేరులో ఎక్కుతుంది, సైలెన్సర్‌లోంచి పొగ ఏ రంగులో వస్తుంది, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది? పంపులో డీజిల్ పెంచితే బలం వస్తుంది, దాంతో నల్లపొగ, వేడి కూడా వస్తాయి. పొగ రాని హద్దు దాకా బలం తీయడం మేస్త్రీ నేర్పు. కాగితం మీద పడని కొలత కూడా కొలతే. కాగితం మీద పడనందుకే అది చరిత్రకు ఎక్కలేదు.

రెండో అభ్యంతరం: ఇది విజయవాడ చరిత్ర కదా, నందిగామ, జగ్గయ్యపేటలకు ఎందుకు కట్టబెట్టాలి? 1960ల్లో ఏర్పడిన జవహర్ ఆటోనగర్ ఈ పనికి రాజధాని అన్నది నిజం. క్రాంక్ గ్రైండింగ్, బోరు పని, పంపు క్యాలిబ్రేషన్ వంటి పెద్ద యంత్రాల పనులకు యాభై, ఎనభై కిలోమీటర్ల దూరంలో ఉన్న బెజవాడే దిక్కు. కానీ ఆటోనగర్ తనంతట తాను పుట్టలేదు, లారీలున్న పల్లెలు దాన్ని నిలబెట్టాయి. కృష్ణా జిల్లాలో బండి సొంతదారులు ఒక వర్గంగా ఎంత ముందే బలపడ్డారో చెప్పడానికి 1958 నాటి కేసు ఒకటి చాలు. జిల్లాలో బస్సు రూట్లను ప్రభుత్వం తన చేతిలోకి తీసుకోబోతే ప్రైవేటు బస్సు ఓనర్లు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసుగా ప్రసిద్ధమైన ఆ తీర్పులో, వాదన విన్నది ఒకరు, తేల్చింది ఇంకొకరు కాబట్టి ఆ విచారణ చెల్లదని కోర్టు చెప్పింది. ఇప్పటికీ న్యాయ విద్యార్థులు చదువుకునే తీర్పు అది. బస్సు రూట్లు చివరికి ఆర్టీసీకి వెళ్ళినా, సరుకు రవాణా చిన్న చిన్న ఓనర్ల చేతుల్లోనే మిగిలింది. ఒకటి రెండు లారీలున్న ఓనరు కొత్త ఇంజన్ కొనలేడు, ఉన్నదాన్నే మళ్ళీ మళ్ళీ కట్టించుకోవాలి. హైవే మీద బండి ఆగితే మొదట చేయి పడేది రోడ్డు పక్క షెడ్డులో. లోపం ఏమిటో అక్కడే తేలుతుంది, ఏ భాగం దించి బెజవాడ పంపాలో అక్కడే నిర్ణయమవుతుంది, తిరిగొచ్చాక బిగించేదీ అక్కడే. డెట్రాయిట్ కంపెనీలు ఎంత పెద్దవైనా మజిల్ కారు కథను అమెరికా చిన్న పట్టణాల షెడ్లను వదిలి ఎవరూ రాయరు. ఆ న్యాయమే ఇక్కడా వర్తించాలి.

మూడో అభ్యంతరం కాస్త లోతైనది. మజిల్ కారును ప్రేమతో కడతారు, లారీని అవసరం కొద్దీ కడతారు, కాబట్టి మొదటిది కళ, రెండోది కూలి అంటారు. అవసరం ఉన్నచోట ప్రేమ ఉండదన్న ఊహ మీద ఈ మాట నిలబడి ఉంది. ఎద్దు లేకపోతే సేద్యం లేదు, అయినా గిత్త కొమ్ములకు రంగు వేసి గంటలు కట్టడం ఏ రైతూ మానలేదు. లారీ విషయంలోనూ అదే చూస్తాం. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ పేరు నొసట రాయించుకోవడం, దసరాకు బండి కడిగి పూజ చేసి నిమ్మకాయలు తొక్కించడం, క్యాబిన్ లోపల రెక్సిన్ కుట్లు, తలుపుల మీద చేతి రంగుల బొమ్మలు, బాడీ అంచున రంగు పట్టీల వరస — వీటిలో ఏ ఒక్కటీ బండిని అంగుళం ముందుకు లాగదు. లాభనష్టాల లెక్కలో వీటికి చోటు లేదు. అప్పు తెచ్చి బండి కొన్న ఓనరు వీటికి డబ్బు పెట్టాడంటే అది గర్వంతోనే. అటు అమెరికన్ కారులోనూ అవసరం లేకపోలేదు. 1960ల్లో ఆ కార్లు కొన్న కుర్రాళ్ళలో చాలామంది ఫ్యాక్టరీల్లో పనిచేసే ఇళ్ళవాళ్ళు, ఆ కారులోనే ఉద్యోగానికి వెళ్ళొచ్చేవారు. పని, ప్రేమ అని గీత గీసి అటొకరిని, ఇటొకరిని నిలబెట్టడం రెండు దేశాల వాస్తవాలకూ సరిపోదు.

నాలుగో అభ్యంతరాన్ని తోసిపుచ్చకూడదు. ఈ పనితనం ప్రాణాలు తీసిందని చాలామంది అంటారు. కమాన్లకు పట్టీలు ఎక్కించింది అనుమతికి మించిన లోడు కోసమే. లాగుడు పెంచినవాళ్ళు బ్రేకును ఆ మేరకు పెంచలేదు. ఈ ఆరోపణ నిజం. దాన్ని చరిత్రలో రాయకుండా పనితనాన్ని మాత్రమే పొగడడం అబద్ధమవుతుంది. మజిల్ కార్ల మీదా ఇదే మచ్చ ఉంది. 325 హార్స్‌పవర్ జీటీఓ 1964లో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులతోనే వచ్చింది. బలం పెంచే ఉత్సాహం ఆపే శ్రద్ధను మించిపోవడం ఈ రెండు పనుల ఉమ్మడి లోపం. అయితే ఆ తప్పును పూర్తిగా మేస్త్రీ నెత్తిన పెట్టడం న్యాయం కాదు. పరిమితికి మించి ఎత్తితే తప్ప కిరాయి గిట్టని రేట్లు పెట్టినవారు, చెక్‌పోస్టుల దగ్గర కళ్ళు మూసుకున్నవారు, రెండు వరసల ఇరుకు రోడ్డు మీద దశాబ్దాల పాటు దేశం బరువు మోయించినవారు ఆ బాధ్యతలో వాటాదారులు. నందిగామ నుంచి హైదరాబాదు వైపు నాలుగు వరసల రోడ్డు 2012కు గాని పూర్తి కాలేదు. మార్పులకు చట్టం మొదట్లో దారి ఉంచింది. 1939 నాటి మోటారు వాహనాల చట్టం కింద అధికారికి తెలిపి ఇంజన్ మార్చుకుని, ఆర్సీలో రాయించుకునే వీలుండేది. 1988 చట్టంలోని 52వ సెక్షన్, దాని సవరణలు ఆ దారిని బిగించాయి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కంపెనీ ఇచ్చిన మూల వివరాలకు విరుద్ధంగా మార్పులు కుదరవని తేల్చింది. భద్రత దృష్ట్యా ఆ కట్టుబాటు అవసరమే. అలా చేసినప్పుడు, దాని కింద మూతపడే విద్యను కనీసం రాసి ఉంచే బాధ్యత కూడా సమాజానిదే.

రెండు పనితనాల ముగింపులూ ఒకలాంటివే. అమెరికాలో 1970 నాటి వాయు కాలుష్య చట్టం, పెరిగిన ఇన్సూరెన్సు, 1973 చమురు సంక్షోభం మజిల్ కార్లను నాలుగేళ్ళలో పడగొట్టాయి. 1970లో 450 హార్స్‌పవర్‌తో వచ్చిన షెవర్లే షెవెల్ లాంటి బండి మళ్ళీ రావడానికి దశాబ్దాలు పట్టింది. ఇక్కడ 2017 ఏప్రిల్ నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు దేశమంతటా అమల్లోకి వచ్చాయి. ఇంజన్ ఇప్పుడు కంప్యూటరు చెప్పినట్టు తాగుతుంది. పంపు సీలు విప్పి డీజిల్ పెంచడం, చెవితో ట్యాపెట్లు సరిచేయడం ముగిసిన అధ్యాయాలు. లారీ ఫ్యాక్టరీ క్యాబిన్‌తోనే వస్తోంది. 2025 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి. చాసీ మీద ఎండకు మాడుతూ వందల మైళ్ళు తోలినవాళ్ళ తర్వాతి తరానికి ఇది దక్కాల్సిన సుఖమే. పొగ తగ్గడం ఊళ్ళకు మేలే. పాత రోజులు తిరిగి రావాలని ఈ వ్యాసం కోరడం లేదు. ముగింపు తర్వాత ఏం జరిగిందన్న దగ్గర మాత్రం అమెరికాకూ మనకూ ఆకాశమంత తేడా ఉంది. అక్కడ పడిపోయిన బండ్లను దుమ్ము దులిపి నిలబెట్టారు. ఏ కారులో ఏ నంబరు ఇంజన్ వచ్చిందో రికార్డులు వెతికారు, ఇంజన్ కట్టిన మేస్త్రీల పేర్లు పుస్తకాలకెక్కాయి. ఇక్కడ పెర్కిన్స్ ఎక్కించిన షెవర్లే లారీ తుక్కుకు పోయింది, దాన్ని ఎక్కించినవాడి పేరు అతని ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు.

అమెరికా డబ్బున్న దేశం కాబట్టి గుర్తుంచుకుంది, మనకు ఆ తీరిక లేదని సర్దిచెప్పుకోవడం తేలిక. కానీ ఈ పనికి కావలసింది డబ్బుకన్నా ముందు గౌరవం. జగ్గయ్యపేట ధనంబోడు మీద బౌద్ధ స్తూపాన్ని 1882లో పురావస్తు పరిశోధకుడు బర్జెస్ తవ్వించి నమోదు చేశాడు కాబట్టి ఆ శిల్పుల పనితనం గురించి ఇవాళ మాట్లాడగలుగుతున్నాం. అదే పట్టణం పక్క రోడ్డు మీద జరిగిన పనికి తవ్వకం కూడా అక్కర్లేదు, చేసినవాళ్ళు ఇంకా ఉన్నారు. 1960, 70ల్లో క్లీనర్లుగా చేరి మేస్త్రీలైనవారు ఇప్పుడు వృద్ధులు. ఏ ఇంజన్ ఏ చాసీలో ఎలా కూర్చుంది, ఏ ఎత్తుకు ఏ క్రౌను సరిపోయింది, ఏ చెక్క ఏ కీలు దగ్గర నిలిచింది అన్న జ్ఞానం వాళ్ళతోనే ఉంది. జిల్లాలోని పాలిటెక్నిక్‌లు, ఐటీఐలు ఒక్కో విద్యార్థికి ఒక్కో మేస్త్రీ జ్ఞాపకాన్ని ప్రాజెక్టుగా ఇస్తే, లారీ ఓనర్ల సంఘాలు పాత ఆర్సీలు, బిల్లు పుస్తకాలు, ఫోటోలు పోగుచేస్తే, పెర్కిన్స్ ఇంజన్ ఒకటి, చెక్క బాడీ ఒకటి ఎక్కడైనా తుక్కు కాటాకు ఎక్కకముందే కొని ఒకచోట నిలబెడితే, ఈ మెట్ట తన ఇంజనీరింగు చరిత్రను తానే రాసుకున్నట్టవుతుంది. టన్నుకు రెండు వందల గుర్రాలు పూన్చడం గొప్పే. టన్నుకు ఎనిమిది గుర్రాలతో ఒక ప్రాంతపు పంటనూ రాతినీ సిమెంటునూ అర్ధశతాబ్దం పాటు లాగించడం అంతకు తక్కువ విద్య కాదు. మొదటిదానికి ఇచ్చిన పేజీలు రెండోదానికీ దక్కాలి.